ఎర్ర గొంగళి మకాం గట్టు మన్నులోనే!

తొలకరి వాన గట్టిగా పడ్డాక రెండు మూడు రోజుల్లో, రాత్రిపూట దీపాల చుట్టూ తెల్లటి రెక్కల పురుగులు మూగుతాయి. గాజువాక వీధి దీపమైనా, అనకాపల్లి మెట్ట ఊళ్ళో కరెంటు స్తంభమైనా వాటికి ఒకటే. చూసి ఊరుకున్నామా, నెల తిరిగేసరికి వేరుశెనగ చేనులో ఈనెలే మిగులుతాయి.

అయితే తెల్లరెక్కల పురుగులన్నీ ఒకటి కావు. ముందు రెక్కల మీద గోధుమరంగు చారలు, ముందంచు వెంబడి పసుపు గీత, తలమీద పసుపు పట్టీ, వెనక రెక్కల మీద నల్లమచ్చలు ఉంటే అదే ఎర్ర గొంగళి తల్లి. 'టైగర్ మాత్' జాతుల్లో ఒకటైన దీన్ని శాస్త్రజ్ఞులు ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా అంటారు. అంచు గీత ఎర్రగా ఉంటే దీని దాయాది. అదీ పంట తినేదే. రెక్కల నిండా ఎరుపు, నలుపు చుక్కలున్న చిన్న పురుగు వేరు. దానికి కావలసింది జనుము ఆకు, కాయ.

దీపం దీని ఇల్లు కాదు. మెట్టపొలం దీని ఇల్లు. కడుపునిండా తిని ఎదిగిన గొంగళి గట్ల కిందికి, చెట్ల నీడకు చేరి, జానెడు లోతు మన్నులో దూరి కోశంగా మారుతుంది. మళ్ళీ వాన పడేదాకా తొమ్మిది పది నెలలు అక్కడే నిద్ర. తడి తగిలితే లేస్తుంది. ఒక్కో ఆడపురుగు వందలాది గుడ్లు గుంపులుగా పెడుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు. ఎదిగాక చేను నుంచి చేనుకు దండుగా నడుస్తాయి.

కాబట్టి ఒక్క రైతు మందు కొడితే లాభమేముంది? వొంటినిండా వెంట్రుకలున్న ముదురు గొంగళికి మందు సరిగా పట్టదు. అప్పు పెరిగేది కౌలు రైతుకు, విషం పీల్చేది కూలివాడు.

ఊరంతా కలిస్తేనే పని జరుగుతుంది. వేసవి దుక్కి దున్ని కోశాలను ఎండకు, పక్షులకు వదలాలి. తొలివాన పడ్డాక ప్రతిరోజూ రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా అందరి పొలాల్లోనూ మంటలు వెయ్యాలి. గుడ్లున్న ఆకులు ఏరి నాశనం చెయ్యాలి. దండు కదిలే దారిలో అడుగు లోతున, నిటారు గోడలతో కందకం తవ్వాలి.

ఈ ఏరుడు పని, తవ్వకం పని చేసేది కూలీలే. ఆ కూలి కౌలు రైతు నెత్తిన పడకూడదు, ఉత్త చాకిరీ కాకూడదు. పంచాయతీ, వ్యవసాయ శాఖ భరించాలని గ్రామసభలో నిలదీసి అడగండి. అదీ వాన రాకముందే!