కార్డు బాకీ, ఐ.పి. కాగితం – పాడి రైతు తెలుసుకోవలసిన సంగతులు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాలలో బాకీ అంటే ఒకప్పుడు ప్రోనోటు, బంగారం కుదువ, పురుగుమందుల కొట్టు ఖాతా. ఇప్పుడు వాటికి క్రెడిట్ కార్డు తోడైనది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే కుమారునికో, విజయవాడలో ఉద్యోగం చేసే కుమార్తెకో బ్యాంకు ఇచ్చిన కార్డు మీద దాణా బస్తాలు, సెల్‌ఫోను, ఆసుపత్రి ఖర్చు గడచిపోవుచున్నవి. మిరపకు ధర రాని ఏడు, గేదె వట్టిపోయిన నెలలలో ఆ బాకీ కదలక నిలిచిపోవును.

చాలా కార్డుల మీద నిలవ బాకీకి వడ్డీ నెలకు మూడు నుండి మూడుముప్పాతిక శాతం వరకు ఉన్నది. మన లెక్కలో ఇది మూడున్నర రూపాయల వడ్డీ, అనగా ఏడాదికి నూటికి 42. ఊరిలో రెండు రూపాయల వడ్డీ అంటేనే నొసలు చిట్లించే మనవారు దీనిని గమనించకపోవుటకు కారణం, బిల్లు మీద 'కనీస చెల్లింపు' అని చిన్న మొత్తం కనిపించుటయే. 50,000 రూపాయల బాకీ ఉన్నదనుకొందము. నూటికి 5 చొప్పున 2,500 కట్టితిరి. అందులో వడ్డీ 1,750, వడ్డీపై 18 శాతం జి.ఎస్.టి. 315 పోగా అసలులో తగ్గినది 435 మాత్రమే! పాత బాకీ ఉండగా కొత్తగా కొన్నదానికి గడువు ఉండదు, కొన్ననాటి నుండే వడ్డీ. కార్డుతో నగదు తీసిన ఇంకా కష్టం, దానికి రుసుము కూడా ఉన్నది.

కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పినది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసినది. కనుక ఆ ఆశ పెట్టుకొనరాదు.

చేయవలసినది ముందుగా కార్డు వాడకం నిలుపుట. తరువాత బాకీని వాయిదాలుగా మార్చమని బ్యాంకుకు వ్రాతపూర్వకంగా కోరుట. పాడికి కిసాన్ క్రెడిట్ కార్డు 2019 నుండి ఇస్తున్నారు. పేరు ఒకటే గాని స్వభావం వేరు. పాడికి 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో చెల్లించినవారికి 4 శాతమే పడును. ఆ సొమ్ముతో బజారు బాకీ తీర్చుట నిబంధనలకు విరుద్ధం. దాణాకు, పశువైద్యానికి దానిని వాడి, అంతమేరకు మిగిలిన పాల బిల్లును కార్డు బాకీకి మళ్ళించవచ్చును. గేదె ఎప్పుడు వట్టిపోవునో చూచుకొని వాయిదా పెట్టుకొనుట మేలు. బ్యాంకు గుమాస్తాకు అది తెలియదు, మీరే చెప్పవలెను.

ఇక ఐ.పి. సంగతి. మన ప్రాంతంలో "ఐ.పి. పెడితే బాకీలు పోతాయి" అనే మాట తేలికగా చెల్లుబాటగుచున్నది. 2016 నాటి దివాలా స్మృతిలో వ్యక్తులకు సంబంధించిన భాగం ఇప్పటికి వ్యక్తిగత హామీదారుల విషయంలోనే అమలులోనికి వచ్చినది. సాధారణ రైతుకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. దివాలాదారుగా కోర్టు ప్రకటించిన పిమ్మట ఆస్తి కోర్టుకు లేక రిసీవరుకు చెందును. అంతకు రెండేళ్ళ లోపల ప్రతిఫలం లేకుండా బావమరిది పేర వ్రాసిన పొలాన్ని కోర్టు రద్దుపరచవచ్చును. ఆస్తి దాచినవారికి ఏడాది వరకు జైలు. స్థానిక సంస్థల ఎన్నికలకు కూడా అనర్హత కలుగును.

అన్నిటికంటె మాకు బాధ కలిగించునది జామీనుదారు గతి. దివాలాదారునికి విడుదల దొరికినను, అతనికి జామీను ఉన్నవారికి విడుదల లేదని అదే చట్టం 44వ సెక్షను చెప్పుచున్నది. సంఘంలో పక్కపక్కన క్యానులు పెట్టేవారే ఒకరికొకరు సంతకాలు చేయుదురు. ఒకరు ఐ.పి. పెట్టిన మరునాడు బ్యాంకు నోటీసు రెండవ వాని గుమ్మానికి వచ్చును. అందుచే సంతకం చేయబోవువారు బాకీదారు కార్డు బిల్లు, సిబిల్ నివేదిక చూపమని అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

గేదెల విషయమై ఒక మాట. సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను ప్రకారం వ్యవసాయదారుని జీవనానికి అవసరమని కోర్టు భావించిన పశువులు జప్తుకు లోను కావు. ఆ బాకీకే తనఖా పెట్టిన పశువుకు ఈ రక్షణ ఉన్నదని తలచరాదు. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 దాటిన తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించినది.

బ్యాంకుతో రాజీకి లోక్ అదాలత్ ఉన్నది, అక్కడ కోర్టు ఫీజు లేదు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభించును. పోవునపుడు కార్డు బిల్లులు, బ్యాంకు పాసుపుస్తకం, సంఘం ఇచ్చిన పాల పుస్తకం వెంట తీసికొని పోవలెను.