గుంటూరు తాళంచెవి హైదరాబాద్‌లో

విజయవాడలో మాది పుస్తకాల డీటీపీ షాపు. కథల సంపుటాలు, శతక వ్యాఖ్యానాలు, ఆత్మకథలు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, అభినందన సంచికలు, ఏది వచ్చినా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేస్తాం. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షను 2001లో వచ్చింది. ఇంకా దాన్నే పట్టుకుని వేలాడుతున్నారేమిటని కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. అచ్చయిన పదేళ్ళకు ఏ రచయితో ఫోన్ చేసి, "అమ్మా, రెండో ముద్రణ వేద్దామనుకుంటున్నా, మేటర్ ఉందిగా?" అని అడిగితే తీసి ఇవ్వవలసింది ఆ ఫైలే.

రచయిత దగ్గర మహా అయితే అచ్చు ప్రతి ఒకటి ఉంటుంది. ప్రెస్సువాళ్ళు ప్లేట్లు ఎప్పుడో తీసేసి ఉంటారు. ఆ పుస్తకం ఇంకా దిద్దడానికి వీలైన రూపంలో మిగిలి ఉన్నది మా హార్డ్ డిస్కులోనే. అది మేం అడిగి తెచ్చుకున్న బాధ్యత కాదు, ఈ పనితోపాటే వచ్చింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళూ దుకాణాలూ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. షాపులో ఒక కంప్యూటరు, దాని పక్కనే సొరుగులో బ్యాకప్ డిస్కు ఉంటే, అంత నీరు వచ్చినప్పుడు రెండూ కలిసే మునుగుతాయి. నీళ్ళతో సంబంధం లేని ప్రమాదం ఇంకొకటి ఉంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది ఫైళ్ళను చెరపదు. మనం తెరవలేకుండా తాళం వేసి, డబ్బు కడితే తీస్తానంటుంది. అప్పుడు కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కుకు కూడా అదే గతి పడుతుంది.

కాబట్టి నకళ్ళు ఊరు దాటాలి, కనీసం ఒకటి వైరుకు అందకుండా ఉండాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే లెక్క కంప్యూటర్ వాళ్ళందరూ చెబుతారు. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ వల్ల ప్రచారమైన సూత్రం అది. వినడానికి తేలికే. నాకు అడ్డుపడింది వేరే సంగతి. వేరే చోట అంటే వేరేవాళ్ళ దగ్గర. మా డిస్కులో అచ్చుకాని ఆత్మకథలున్నాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదాలు, ఇప్పటికీ బతికున్న మనుషుల పేర్లు, అచ్చులో తీసేయమని తర్వాత చెప్పిన అధ్యాయాలు ఉన్నాయి. వాటిని గుంటూరులో మా అక్క బీరువాలో పెట్టే హక్కు నాకెక్కడిది? మా బావగారు పుస్తకాల పురుగు కూడా.

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఇదంతా చెబితే, "అత్తా, తాళం వేసి పంపించు, ఎవరింట్లో ఉన్నా ఒకటే" అన్నాడు. అలా మా షాపులోకి రెస్టిక్ వచ్చింది.

రెస్టిక్ ఉచిత ప్రోగ్రాం. అలెగ్జాండర్ న్యూమన్ అనే జర్మన్ ప్రోగ్రామరు 2014లో మొదలుపెట్టాడు. బొమ్మలు, బటన్లు ఉండవు. నల్ల తెర మీద ఆదేశం టైపు చేసి ఎంటర్ కొట్టడమే. లినక్స్‌లోనూ విండోస్‌లోనూ పనిచేస్తుంది. విండోస్‌కైతే ఒకే ఒక్క ఫైలు, ఇన్‌స్టాల్ చేసే తతంగం కూడా లేదు. ఆదేశాలు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి గానీ రోజువారీ పనికి కావలసినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నల్ల తెర చూసి భయపడేవాళ్ళకు ఒక మాట చెబుతాను. బటన్‌ను మనిషే నొక్కాలి. ఆదేశాన్నయితే ఒక ఫైలులో రాసి పెడితే కంప్యూటరే వేళకు నడుపుకుంటుంది.

మొదట ఇనిట్ అనే ఆదేశంతో నకళ్ళు దాచే కోశాన్ని తయారు చేయాలి. పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. తర్వాత బ్యాకప్ అనే ఆదేశానికి మన ఫోల్డరు పేరు ఇస్తే చాలు. ఆ కోశం తెరిచి చూస్తే నవ్వొస్తుంది. పుస్తకం పేరు, రచయిత పేరు ఏదీ కనపడదు. అంకెలూ అక్షరాలూ కలగలిసిన పొడుగాటి పేర్లతో ఫైళ్ళు మాత్రం ఉంటాయి. లోపలి విషయానికే కాదు, ఫైళ్ళ పేర్లకు కూడా ఏఈఎస్ 256 పద్ధతిలో తాళం పడుతుంది. మా బావగారు రోజంతా కూర్చున్నా ఆయనకు తెలిసేది డిస్కు ఎంత నిండిందన్నలాంటి పైపై సంగతులే.

మా పనికి బాగా కలిసొచ్చిన గుణం ఇంకొకటి ఉంది. డీటీపీ షాపులో ప్రతి పుస్తకానికీ ఫైనల్, ఫైనల్ 2, లాస్ట్ ఫైనల్, మాస్టారు దిద్దింది అని ఫోల్డర్లు పుడుతూనే ఉంటాయి. ప్రతిదాంట్లోనూ అవే కవరు బొమ్మలు, అవే బరువైన టిఫ్ ఫైళ్ళు. రెస్టిక్ ఒక్కో ఫైలును సుమారు ఒక మెగాబైటు ముక్కలుగా కోస్తుంది. ఎక్కడ కోయాలో లోపలి విషయాన్ని బట్టే నిర్ణయించుకుంటుంది. అందుకని ఫైలు మధ్యలో ఏదైనా చేర్చినా ఆ చుట్టుపక్కల ముక్కలే మారతాయి, తక్కినవి పాతవాటితో సరిపోతాయి. ఒకసారి దాచిన ముక్కను మళ్ళీ దాచదు. ఎన్ని ఫైనల్‌లు ఉన్నా కవరు బొమ్మ ఒక్కసారే ఎక్కుతుంది. మొదటి బ్యాకప్‌కు గంటలు పడితే పట్టొచ్చు, ఆ తర్వాత ఏ రోజు మార్పులు ఆ రోజువే.

ఇక వేళ సంగతి. అర్ధరాత్రి పెట్టుకోమని అందరూ చెబుతారు. రాత్రి మా షాపుకు షట్టరు వేసి మెయిన్ ఆపేస్తాం. కాబట్టి భోజనాల వేళ పెట్టాను. విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్ ఉంటుంది, లినక్స్ వాళ్ళకు క్రాన్ గానీ సిస్టమ్‌డీ టైమర్ గానీ ఉంటాయి. ఆ వేళకు కంప్యూటరు ఆగి ఉంటే తిరిగి వెలిగాక వెంటనే నడపమనే గడి టాస్క్ షెడ్యూలర్‌లో ఒకటుంది, దానికి టిక్కు పెట్టడం మరవకూడదు. మధ్యలో కరెంటు పోతే అప్పటికి చేరి నమోదైన ముక్కలు ఎక్కడికీ పోవు. కాకపోతే 'ఇక్కడ పని జరుగుతోంది' అనే గుర్తు ఒకటి కోశంలో మిగిలిపోతుంది. అది ఉండగా పాతవి తీసివేసే పని నడవదు. అన్‌లాక్ అనే ఆదేశం ఇస్తే తొలగిపోతుంది.

నకళ్ళు రెండు చోట్లకు వెళతాయి. రోజూ మధ్యాహ్నం హైదరాబాద్‌లో మేనల్లుడి పాత ల్యాప్‌టాప్‌లోకి ఒకటి. దాంట్లో వాడు రెస్ట్ సర్వర్ అనే తోడు ప్రోగ్రాం పెట్టాడు. బయటి నుంచి దానికి దారి ఎలా వేశాడన్నది వాడి విద్య. నాకు ముఖ్యమైనది అపెండ్ ఓన్లీ అనే అమరిక. దానివల్ల మా షాపు నుంచి కొత్త నకళ్ళు చేర్చగలం గానీ పాతవి చెరపలేం. రేపు ఏ రాన్సమ్‌వేరో మా కంప్యూటరులో దూరినా దాని చేయి కూడా అక్కడే ఆగుతుంది. రెండోది హార్డ్ డిస్కు. అలాంటివి రెండున్నాయి. ఒకటి షాపులో, ఒకటి గుంటూరు బీరువాలో ఉంటాయి, నేను వెళ్ళినప్పుడల్లా వంతు మారతాయి.

ఇంత తాళం వేశాక అసలు విలువైన వస్తువు పాస్‌వర్డ్ అవుతుంది. బ్యాంకులోలా మరిచిపోతే మళ్ళీ ఇచ్చేవాళ్ళు లేరు. న్యూమన్‌గారిని అడిగినా లాభం లేదు. ఊహించి కొట్టడం కూడా కుదరకూడదని పాస్‌వర్డ్‌కు ఎస్‌క్రిప్ట్ అనే పద్ధతి వాడారు. కాలిన్ పెర్సివల్ తన టార్‌స్నాప్ అనే బ్యాకప్ సేవ కోసమే తయారుచేసి 2009లో ప్రకటించిన పద్ధతి అది. ఒక్కో ఊహను సరిచూడటానికి కావాలనే బోలెడు మెమరీ తినేలా చేశాడు. కంప్యూటర్ల గుంపును పెట్టి కోట్ల ఊహలు వేద్దామనుకునేవాడికి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పాస్‌వర్డ్‌ను షాపు కంప్యూటరులోనే ఒక ఫైలులో రాసిపెట్టాను. లేకపోతే మధ్యాహ్నం పని తనంతట తాను నడవదు. తాళం పక్కనే చెవి పెట్టినట్టు కాదా అని మా షాపు కుర్రాడు అడిగాడు. కాదు. ఆ కంప్యూటరులో పుస్తకాలు ఎలాగూ తెరిచే ఉన్నాయి. తాళం ఊళ్ళు తిరిగే నకళ్ళకు. కానీ షాపు మునిగితే ఆ ఫైలూ మునుగుతుంది, నా జ్ఞాపకశక్తి మీద నాకంత నమ్మకం లేదు, మనిషి ప్రాణానికి భరోసా అసలే లేదు.

రెస్టిక్‌లో ఒకే కోశానికి ఎన్ని పాస్‌వర్డ్‌లైనా ఇవ్వవచ్చు. సమాచారానికి తాళం వేసే మూల తాళంచెవి ఒకటే, ప్రతి పాస్‌వర్డూ దాన్ని తీసి ఇచ్చేదే. కీ యాడ్ అనే ఆదేశంతో హైదరాబాద్ కోశానికి ఒకటి, డిస్కుల్లోని కోశాలకు వేరొకటిగా కొత్త పాస్‌వర్డ్ చేర్చి, కాగితం మీద రాసి, కవర్లలో పెట్టి అంటించాను. గుంటూరు డిస్కుల కవరు మేనల్లుడికిచ్చాను. హైదరాబాద్ కోశం కవరు అక్క దగ్గర పెట్టాను. నాకేమైనా అయితే ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటే చాలు. ఏ ఒక్కరూ తన ఇంట్లో ఉన్నదాన్ని తాను తెరవలేరు. ఈ ఏర్పాటు విని మేనల్లుడు, "మమ్మల్ని ఎంత నమ్మావత్తా!" అన్నాడు. నమ్మాను కాబట్టే కదా కవర్లు ఇచ్చింది.

తనంతట తాను నడిచే పనితో ఒక చిక్కుంది. ఆగిపోయినా చప్పుడుండదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు వేరే సర్వరు అనుకుని అసలు డేటాబేస్‌నే చెరపడం మొదలుపెట్టాడు. ఆపేసరికి దాదాపు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. రోజువారీ బ్యాకప్ కోసం వెతికితే అక్కడేమీ లేదు. డేటాబేస్ కొత్త వెర్షనుది, బ్యాకప్ సాధనం పాత వెర్షనుది. ప్రతిసారీ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్ళను అవతలి సర్వరు తిప్పికొట్టింది. ఆరు గంటల ముందు వేరే పనికని అదే ఇంజనీరు తీసుకున్న నకలు ఒకటి ఉండబట్టి గట్టెక్కారు.

అందుకని పని చెడితే కబురు పంపమనడం చాలదు. ఆదేశాలు రాసిపెట్టిన మా బ్యాచ్ ఫైలు పని సవ్యంగా ముగిస్తేనే హెల్త్‌చెక్స్ అనే సేవకు ఒక పలకరింపు పంపుతుంది. వేళకు ఆ పలకరింపు అందకపోతే ఆ సేవే నాకు మెయిల్ కొడుతుంది. రెస్టిక్ పని ముగిశాక ఒక అంకె వదిలి వెళుతుంది. సున్నా అంటే అంతా బాగుంది, మూడు అంటే కొన్ని ఫైళ్ళు చదవలేకపోయింది. మూడును కూడా మేం వైఫల్యంగానే లెక్కవేస్తాం.

తిరిగి తీసే పరీక్ష మాత్రం షాపు కంప్యూటరులో చేయను. అక్కడ చేస్తే అది అబద్ధం చెబుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫాంట్లు, పేజ్‌మేకర్ ఇన్‌స్టాలరు, కీబోర్డు ప్రోగ్రాం బ్యాకప్‌లో చేరాయో లేదో అవేవీ లేని కంప్యూటరులో తెరిచినప్పుడే తెలుస్తుంది. కాబట్టి గుంటూరులో అక్క కూతురి ల్యాప్‌టాప్ మీద రిస్టోర్ చేసి, ఏదో ఒక పాత పుస్తకం తెరిచి, ఒత్తులు సరిగ్గా వచ్చాయా అని నాలుగు పేజీలు చూస్తాను. ఆ పిల్లకు ఇదొక వింత. డిస్కులో ముక్కలు చెడలేదని చూడటానికి చెక్ అనే ఆదేశముంది, కోశంలో ఐదు శాతమో పది శాతమో చదివి సరిచూడమని చెప్పవచ్చు.

పాత నకళ్ళలో వేటిని ఉంచాలో ఫర్గెట్ అనే ఆదేశానికి చెబుతాం. మేం రోజువి ఏడు, వారానివి ఐదు, నెలవి పన్నెండు ఉంచుతాం. సంవత్సరానివి ఎన్నయినా ఉంచుతాం. ఫర్గెట్ తక్కినవాటిని జాబితాలోంచే తీస్తుంది. ఎవరికీ అక్కర్లేని ముక్కలను నిజంగా తుడిచేది ప్రూన్.

ఈమధ్య ఒక రిటైర్డు లెక్చరరు గారు వచ్చారు. మా దగ్గరే కంపోజ్ చేయించిన ఆత్మకథను అచ్చు వేయించడం మానుకున్నారట. "మొత్తం తీసెయ్ అమ్మాయ్, ఎక్కడా ఉండకూడదు" అన్నారు. ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. షాపు కంప్యూటరులో ఆయన ఎదురుగానే చెరిపాను. పాత నకళ్ళలోంచి ఒక్క ఫోల్డరునే తప్పించడానికి రీరైట్ అనే ఆదేశముంది, దానికి ఫర్గెట్ కూడా జతచేసి, వెనక ప్రూన్ నడపాలి. షాపులో ఉన్న డిస్కుకు అప్పటికప్పుడు చేశాను. హైదరాబాద్‌లో మేనల్లుడు అపెండ్ ఓన్లీ కాసేపు సడలిస్తే గానీ కుదరదు, వాడు ఆదివారం చేస్తానన్నాడు. మిగిలింది గుంటూరు బీరువాలోది.

"అది నేను వచ్చే నెల వెళ్ళినప్పుడు పోతుంది మాస్టారూ" అన్నాను.

ఆయన చెప్పుల్లో కాళ్ళు పెడుతూ ఆగారు. "వచ్చే నెలా? అయితే వెళ్ళే ముందు నాకోసారి ఫోన్ చెయ్యి" అన్నారు.