బల్ల మీది ఆల్టిమీటర్ సాయంత్రానికి ఎందుకు పైకెక్కుతుంది?

మణికొండ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాత విమానాల కాక్‌పిట్ పరికరాలు సేకరించి బాగుచేసుకునే సరదా. మూడు ముళ్ల పాత ఆల్టిమీటర్ ఒకటి సంపాదించి, దుమ్ము దులిపి, పళ్ల చక్రాలు శుభ్రం చేయించి బల్ల మీద పెట్టుకున్నారు. "పొద్దున పదింటికి ఉన్నదానికంటే సాయంత్రం నాలుగింటికి వంద అడుగులు ఎక్కువ చూపిస్తోంది. రాత్రికి మళ్లీ దిగుతోంది. ఇల్లు కదల్లేదు కదా, రిపేరు సరిగా కుదరలేదంటారా?" అని అడిగారు.

కుదిరింది కాబట్టే అలా కదులుతోంది. ఎందుకు కదులుతోందో తేల్చడానికి మాత్రం ఉద్దండులైన శాస్త్రవేత్తలకే ఎనభై ఏళ్లు పట్టింది.

ముందు పరికరం సంగతి. ఆల్టిమీటర్ అంటే అడుగుల్లో రాసుకున్న బారోమీటర్. లోపల కజ్జికాయలా అంచులు మూసి, గాలి తీసేసిన పల్చటి లోహపు డొల్ల ఉంటుంది. బయటి గాలి పీడనం తగ్గితే అది కాస్త ఉబ్బుతుంది. ఆ వెంట్రుకవాసి కదలికను మీటలు, పళ్ల చక్రాలు పెంచి ముల్లుకు అందిస్తాయి. హైదరాబాద్ ఎత్తులో ఒక మిల్లీబార్ పీడనం తగ్గితే ముల్లు దాదాపు 29 అడుగులు ఎక్కుతుంది. వాతావరణం రోజూ మారుతుంది కనుక సరిచేసుకోవడానికి ఒక మర, ఒక చిన్న కిటికీ ఉంటాయి. ఆ కిటికీని ఇప్పటికీ కోల్స్‌మన్ పేరుతోనే పిలుస్తారు. 1929లో జిమ్మీ డూలిటిల్ బయటికి చూడకుండా కేవలం పరికరాలను నమ్మి విమానం నడిపి దింపినప్పుడు వాడింది పాల్ కోల్స్‌మన్ చేసిన ఆల్టిమీటరే. పైలట్ ఆ మర తిప్పితే బేగంపేట రన్‌వే మీద 1,742 అడుగులు, శంషాబాద్‌లో 2,024 అడుగులు చూపాలి.

ఉత్తరంలో ఇంకో మాట ఉంది: గాజు మీద వేలితో తడితే ముల్లు ఒక్కసారిగా గెంతుతోందట. అదీ లోపం కాదు. ఇరుసుల దగ్గర కాస్త రాపిడి ఎప్పుడూ ఉంటుంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపిన రోజుల్లో, పిస్టన్ ఇంజన్ల అదురుకు ప్యానెల్ మొత్తం సన్నగా వణుకుతుండేది. ముల్లు ఇరుక్కునే వీలే లేదు. జెట్‌లు వచ్చి ఆ వణుకు పోయాక, చాలా ఆల్టిమీటర్ల లోపల చిన్న వైబ్రేటర్ పెట్టాల్సి వచ్చింది. బల్ల మీద ఇంజన్ లేదు కాబట్టి ఆ పని మీ వేలిది. ప్రతిసారీ మెల్లగా తట్టాకే అంకె చదవండి.

ఇక అసలు విషయం. సముద్రంలో లాగే గాలిలోనూ ఆటుపోట్లున్నాయి. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు, ఉదయం, రాత్రి పది గంటల ప్రాంతంలో పెరుగుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తగ్గుతుంది. ఇది ఎంత క్రమంగా జరుగుతుందంటే, బారోమీటర్ చూసి వేళ చెప్పవచ్చని దక్షిణ అమెరికా తిరిగివచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ రాశాడు. దక్కన్ లాంటి మెట్టభూమిలో పగటి ఎండకు నేల కాగడం కూడా దీనికి తోడై సాయంత్రపు పల్లాన్ని మరింత లోతు చేస్తుంది. వేసవిలో ఆ తేడా నాలుగు మిల్లీబార్ల దాకా ఉంటుంది. ఇరవై తొమ్మిదితో గుణించండి, మణికొండ వారి వంద అడుగులూ వచ్చేస్తాయి.

చిక్కు ఇక్కడే ఉంది. సముద్రపు పోటును ఎక్కువగా లాగేది చంద్రుడు. గాలిలో చంద్రుడి వాటా ఆల్టిమీటర్‌లో కొద్ది అడుగులే. ఇక్కడ పెత్తనం సూర్యుడిది, అదీ వేడి వల్ల. మరి ఎండ కాసేది రోజుకు ఒక్కసారే కదా, గాలి రెండుసార్లు ఎందుకు పొంగుతుంది?

1882లో భౌతిక శాస్త్రవేత్త కెల్విన్ ఒక జవాబు చెప్పాడు. వాతావరణానికి తనదైన ఊపు కాలం ఒకటి ఉందనీ, అది సరిగ్గా పన్నెండు గంటలకు దగ్గరగా ఉండడం వల్ల ఆ చిన్న అలే ఇంతగా పెరుగుతోందనీ అన్నాడు. అందమైన ఊహ. కానీ తప్పు. దాన్ని దెబ్బతీసిన సాక్ష్యం మరుసటి ఏడాదే పుట్టింది: 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి, ఆ పీడన తరంగం ప్రపంచమంతటా బారోమీటర్లలో నమోదైంది. 1929లో జి. ఐ. టేలర్ ఆ తరంగ వేగాన్ని పట్టుకుని లెక్కవేస్తే ఊపు కాలం పదిన్నర గంటలని తేలింది. పన్నెండుకు అది చాలా దూరం. అయినా సిద్ధాంతం చావలేదు. పైపొరల ఉష్ణోగ్రత ఫలానా విధంగా ఉంటే రెండు ఊపులూ సాధ్యమేనని 1937లో పెకెరిస్ చూపించాడు. యుద్ధం తర్వాత రాకెట్లు పైకెళ్లి కొలిచి చూస్తే, ఆ ఉష్ణోగ్రతలు అక్కడ లేవు.

అసలు జవాబు 1960లలో స్థిరపడింది. ఎండ పగలే కాసి రాత్రి ఉండదు కనుక, దాని వేడిని గణితంగా విడదీస్తే 24 గంటల అలతో పాటు 12 గంటల అల కూడా బయటపడుతుంది. 24 గంటల అలే పెద్దది. కానీ నిలువునా చూస్తే అది చాలా పొట్టిది. ముప్పై నుంచి అరవై కిలోమీటర్ల ఎత్తులో ఓజోన్ అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని వేడెక్కుతుంది. అంత మందంలో ఈ పొట్టి అల ఒకచోట పైకి, ఇంకోచోట కిందికి నెట్టి తనను తానే చెరిపేసుకుంటుంది. 12 గంటల అల నిలువు పొడవు వంద కిలోమీటర్లు దాటుతుంది. ఓజోన్ పొర మందమంతా దాన్ని ఒకే వైపుకు నెడుతుంది. కింది గాలిలోని నీటి ఆవిరి తాగిన ఎండ కూడా దానికే కలుస్తుంది. అందుకే అది నేల దాకా దిగుతుంది. మణికొండ బల్ల మీద ముల్లును కదిపేవాటిలో నలభై, యాభై కిలోమీటర్ల పైన ఓజోన్ తాగిన ఎండ కూడా ఉంది! నాకు తెలిసిన ఏ ఇంటి వస్తువూ అంత పైసంగతి చెప్పదు.

ఇందుకే ఇలాంటి పరికరాల డొల్ల పీకి పారేసి, క్వార్ట్జ్ గడియారం బిగించి, గోడ అలంకారంగా అమ్మేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. బాగుచేయడమంటే ఇత్తడి మెరిపించడం కాదు, డొల్ల గాలి పీల్చకుండా కాపాడడం. సేకరించేవాళ్లకు ఒక్క హెచ్చరిక: పాత డయళ్ల మీద అంకెలకు రేడియం పూత ఉండవచ్చు. వెలుగు పోయినా రేడియం పోదు, దాని అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. రేణువులు లోపలికి పీల్చడమే అసలు ప్రమాదం. కాబట్టి డయల్‌ను గైగర్ కౌంటర్‌తో పరీక్షించే దాకా గాజు విప్పకండి, పూత గీకకండి.