'తెలుగులో ఇట్లాంటివి లేవా సార్?'

రెండేళ్ల కిందట ఒక సాయంత్రం మేం ఇద్దరు టీచర్లం హోసూరు బస్టాండు దగ్గర టీ అంగడిలో నిలబడి ఉన్నాం. మా ఎనిమిదో తరగతి పిల్లవాడి తండ్రి అక్కడే ఉన్నారు. ఆటో పక్కన నిలిపి, టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా తమిళ పాకెట్ నవల చదువుతున్నారు. మమ్మల్ని చూసి కాస్త సిగ్గుపడి, 'హంతకుడు ఎవరో తేలేదాకా సవారీ ఎక్కించుకోను సార్' అని నవ్వారు. తర్వాత నెమ్మదిగా అన్నారు: 'మావాడు బడి పుస్తకం తప్ప ఇంకో తెలుగు పుస్తకం ముట్టడు. తెలుగులో ఇట్లాంటివి లేవా సార్?'

'ఎందుకు లేవన్నా, బోలెడు ఉన్నాయి' అనేసి వచ్చాం. మరునాడు బడిలో పుస్తకాల బీరువా తెరిచి చూస్తే మా మాట మాకే వెక్కిరింతగా తోచింది. నీతి కథలు, మహనీయుల జీవిత చరిత్రలు, శతకాలు, ఎవరో దానమిచ్చిన వ్యాస సంపుటాలు. అన్నీ మంచివే. కానీ టీ చల్లారిపోయేటంత ఆసక్తిగా పదమూడేళ్ల పిల్లవాడు చదివే పుస్తకం ఒక్కటీ లేదు.

ఆనాటి నుంచి మేం వెతుకులాట మొదలుపెట్టాం. అపరాధ పరిశోధన, దెయ్యం కథ, సాహసయాత్ర, సైన్స్ ఫిక్షన్, జానపద మాయాజాలం - ఈ రకాల పుస్తకాల్లో రచయితలు సొంతంగా అచ్చు వేసుకున్నవి, చిన్న ప్రచురణ సంస్థలు వేసినవి పిల్లలకు పనికొచ్చేవి ఎన్ని ఉన్నాయి, ఎట్లా దొరుకుతాయి? మాకు తెలిసివచ్చిన సంగతులు మనలాంటి ఇతర బడులకూ ఉపయోగపడతాయని ఇది రాస్తున్నాం.

పెద్దలకు చదువు అలవాటు చేసిన పుస్తకాలు

'డిటెక్టివ్ పుస్తకాలు బడిలోనా?' అన్న ప్రశ్న మా స్టాఫ్ రూములోనే వచ్చింది. దానికి జవాబు మన భాషల చరిత్రలోనే ఉంది. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాసిన రచయితగా ప్రసిద్ధులు. ఆయన చిన్న నవలలు రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయేవి. అక్షరాలు మాత్రమే వచ్చిన ఎందరో ఆడవాళ్లకు ఆయన పుస్తకాలే చదివే అలవాటు నేర్పాయని పెద్దలు చెబుతారు. ఆ తర్వాత కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ వచ్చాడు, మధుబాబు షాడో వచ్చాడు. యండమూరి 'తులసిదళం' కోసం వారం వారం ఎదురుచూసిన తరం ఇప్పటికీ ఉంది. మద్రాసు నుంచి వెలువడిన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'రాకాసిలోయ' లాంటి సీరియళ్లు పిల్లలను నెలంతా ఆగనిచ్చేవి కావు.

ఇది మన ఒక్కరి కథ కాదు. మనం ఉన్న రాష్ట్రాల్లోనూ ఇదే జరిగింది. కన్నడంలో ఎన్. నరసింహయ్య పత్తేదారి నవలలు, మరాఠీలో బాబూరావు అర్నాళకర్ రహస్య కథలు, తమిళంలో రాజేశ్ కుమార్ నవలలు మామూలు జనాన్ని పాఠకులుగా మార్చాయి. దేవకీనందన్ ఖత్రీ 'చంద్రకాంత' చదవడానికే హిందీ నేర్చుకున్నవాళ్లు ఉన్నారని ప్రతీతి.

మన పిల్లలకు ఈ మెట్టు ఇంకా ఎక్కువ అవసరం. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని బడుల్లో దశలవారీగా తప్పనిసరి చేసింది. ఉన్న ఊరి భాష పిల్లలకు రావలసిందే, అందులో మాకు వేరే మాట లేదు. కానీ తమిళం, ఇంగ్లీషు పోను తెలుగుకు మిగిలే సమయం చాలా తక్కువ. కర్ణాటకలో, మహారాష్ట్రలో, ఒడిశాలో పనిచేసే మిత్రులదీ ఇదే మాట. పీరియడులో దొరకని సమయాన్ని పిల్లవాడు తనంతట తాను ఇవ్వాలి. ఇష్టమైన పుస్తకానికైతేనే ఇస్తాడు.

ఎక్కడ దొరుకుతాయి?

అద్దెకు నవలలిచ్చే అంగళ్లు మూతపడ్డాక ఈ రకం పుస్తకాలు పోయాయని చాలామంది అనుకుంటారు. పోలేదు, చోటు మార్చుకున్నాయి. తెలుగులో రచయిత సొంత డబ్బుతో ఐదు వందలో వెయ్యో ప్రతులు అచ్చు వేయించుకోవడం పాత అలవాటే. ఇప్పుడు కాపీలు ముందే అచ్చు వేయకుండా, అడిగినవారికి అడిగినన్ని వేసి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. 2010లో మొదలైన 'కినిగె' తెలుగు ఈ-పుస్తకాలకు దారి వేసింది. బెంగళూరు కేంద్రంగా 2014లో మొదలైన 'ప్రతిలిపి'లో ఎవరైనా కథ రాసి పెట్టవచ్చు. హైదరాబాదులో అన్వీక్షికి, ఛాయ లాంటి చిన్న సంస్థలు కొత్త రచయితలను అచ్చు వేస్తున్నాయి. సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' పిల్లల కోసమే పనిచేస్తోంది. తానాతో కలిసి అది తెచ్చిన బొమ్మల కథలు, పిల్లల నవలలు మన బడులకు బాగా పనికొస్తాయి. ఒకే విషయం మీద కథలను ఏరి కూర్చిన సంకలనాలూ ఉన్నాయి. ఆటల కథలతో వచ్చిన 'క్రీడాకథ' అలాంటిది.

చిక్కు ఏమిటంటే ఇవి మన ఊరి అంగట్లో కనబడవు. హైదరాబాదు, విజయవాడ పుస్తక ప్రదర్శనలకు వెళ్లే బంధువు ఎవరైనా ఉంటే వారికి జాబితా ఇచ్చి పంపడం తేలిక. లేదంటే రచయితకే నేరుగా రాయడం. పుస్తకం లోపలి పేజీలో చాలామంది తమ చిరునామాయో ఫోను నంబరో ఇస్తారు. 'మేం రాష్ట్రం బయట తెలుగు బడివాళ్లం, పిల్లల కోసం' అని చెబితే ధర తగ్గించి పంపినవారు ఉన్నారు. ఒకాయన డబ్బు తీసుకోకుండా, 'పిల్లలు ఏమన్నారో ఉత్తరం రాయించండి, అదే చాలు' అన్నారు. పిల్లలు రాశారు. వాటిలో ఒక ఉత్తరం, 'విలన్ చాలా తొందరగా దొరికిపోయాడు సార్' అని మొదలైంది.

కొనే ముందు పది పేజీలు

సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకానికి సంపాదకుడు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందువల్ల అట్ట చూసి, వెనక అట్ట మీది మెప్పుమాటలు చదివి కొనకూడదు. ఐఎస్‌బీఎన్ సంఖ్య ఉంటే మంచి పుస్తకమనీ అనుకోకూడదు. మన దేశంలో ఆ సంఖ్యను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉచితంగానే ఇస్తుంది, అది నాణ్యతకు ముద్ర కాదు. చదువరులు ఇచ్చే నక్షత్రాలదీ ఇదే సంగతి, రచయిత స్నేహితులే ముందుగా ఇచ్చి ఉండవచ్చు.

మేం చూసేవి నాలుగే. మొదటి పది పేజీల్లో కథ కదిలిందా, లేక ఊరి వర్ణనతోనే ఆగిపోయిందా? అచ్చుతప్పులు పేజీకి రెండు మూడు మించుతున్నాయా? వాక్యాలు పిల్లవాడు ఒక్క ఊపిరిలో చదవగలిగినంత ఉన్నాయా? మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిస్తే, అక్కడ నుంచి ముందుకు పోవాలనిపిస్తోందా? ఈ నాలుగింటికీ నిలబడే పుస్తకాలు తక్కువే. కానీ నిలబడినవి పిల్లల చేతుల్లో నలిగి అట్టలు ఊడిపోతాయి.

యాస గురించి మేం మొదట భయపడ్డాం. గోదావరి యాసో తెలంగాణ మాటో మన మోరసునాడు పిల్లలకు ఎక్కదేమో అనుకున్నాం. తీరా చూస్తే పిల్లలు అడ్డం లేకుండా దాటేశారు. ఒక కథలో 'పొద్దుగాల' అన్న మాట వస్తే, అర్థం మమ్మల్ని అడగకుండా, 'దొంగ పోయింది ఆ వేళే కదా, అంటే పొద్దున్నే' అని వాళ్లే తేల్చుకున్నారు. పాఠంలో కొత్త మాట వస్తే పిల్లవాడు ఆగిపోతాడు. కథలో వస్తే దూకేస్తాడు.

మేం చేసిన పొరపాటు

ఇది చెప్పకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. మొదటి ఏడాది ఒక స్టాల్‌లో పుస్తకాల కట్ట ఒకటి చౌకగా దొరికింది. అట్టల మీద పాడుబడ్డ బంగళా, లాంతరు పట్టుకున్న పిల్లవాడి బొమ్మ. చదవకుండానే అరలో పెట్టేశాం. వారం తిరక్కుండా ఏడో తరగతి అమ్మాయి తల్లి ఆ పుస్తకాల్లో ఒకటి తీసుకుని బడికి వచ్చారు. మూడో అధ్యాయంలో ఒక స్త్రీని హింసించే దృశ్యం పేజీల కొద్దీ ఉంది. విలన్‌ను కులం పేరుతో తిట్టే మాటలూ ఉన్నాయి. ఆమె అరవలేదు. పుస్తకం టేబుల్ మీద పెట్టి, 'ఇది మీరు చదివారా సార్?' అని మాత్రం అడిగారు.

మేం చదవలేదు. ఆ మాటే చెప్పాం.

హెడ్మాస్టరు ఆ అరకు తాళం వేశారు. వేయడం న్యాయమే. రెండు వారాల తర్వాత తల్లిదండ్రుల సమావేశంలో తప్పు ఒప్పుకుని, ఒక నియమం పెట్టుకున్నాం. ఒక టీచరు, ఒక తల్లో తండ్రో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, లోపలి అట్ట మీద సంతకం చేస్తేనే పుస్తకం అరలోకి వెళ్లాలి. 'అయితే తల్లుల తరపున నేను చదువుతాను' అని మొదట చేయి ఎత్తింది ఆ అమ్మాయి తల్లే. ఈ రోజు మా అరలో ఎక్కువ పుస్తకాల మీద ఉన్నది ఆమె సంతకమే.

ఫోనులో చదివే కథలకు కూడా ఇదే నియమం. పిల్లలను నేరుగా ఆ యాప్‌లలోకి పంపం. పెద్దలు వెతికి, చదివి, నచ్చినది ఏరుతాం. అచ్చు తీసి పంచాలంటే రచయిత అనుమతి తప్పనిసరి. అడిగితే చాలామంది సంతోషంగా ఇస్తున్నారు. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లోని తెలుగు కథలకు ఆ ఇబ్బంది లేదు, రచయిత పేరు, మూలం తెలుపుతూ అచ్చు తీసుకోవచ్చు. చిన్న తరగతులతో మొదలుపెట్టేవారికి అది మంచి చోటు.

చదివించే పద్ధతి

శుక్రవారం చివరి పీరియడులో పదిహేను నిమిషాలు మేమే పైకి చదువుతాం. తలుపు కిర్రుమన్న చోట, దీపం ఆరిపోయిన చోట ఆపేస్తాం. 'అయ్యో సార్!' అని గోల లేస్తుంది. తర్వాత ఏం జరిగిందో తెలియాలంటే పుస్తకం అరలో ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు. సోమవారానికి ఆ ఒక్క పుస్తకం కోసం పేర్ల వరస తయారవుతుంది.

డిటెక్టివ్ కథయితే సగంలో ఆపి, 'దొంగ ఎవరు? ఎందుకు అనుకుంటున్నావు?' అని చీటీల మీద రాయిస్తాం. కారణం చెప్పకుండా పేరు మాత్రం రాస్తే చెల్లదు. వ్యాసం రాయమంటే మూడు వాక్యాల దగ్గర ఆగిపోయే పిల్లలు ఈ చీటీకి వెనకవైపు కూడా వాడుకుంటున్నారు. పరీక్ష పెట్టం, మార్కులు వేయం, సారాంశం అడగం. ఆ మూడూ మొదలైన రోజున అది మరో పాఠ్యపుస్తకం అయిపోతుంది. ఇక్కడే ఆగిపోకుండా, కాస్త పట్టు దొరికిన పిల్లల చేతికి స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' లాంటివి అందిస్తాం. పులికాటు ఒడ్డు తెలుగు చదివినప్పుడు, 'ఇది మా అవ్వ మాట్లాడినట్టే ఉంది' అన్న పిల్ల ఉంది.

బడులకూ ఇళ్లకూ ఒక మాట

పెద్ద గ్రంథాలయం అక్కర్లేదు. ఐదు పుస్తకాలతో మొదలుపెట్టండి: ఒక డిటెక్టివ్ కథ, ఒక దెయ్యం కథ, ఒక సాహసం, ఒక సైన్స్ కథ, ఒక నవ్వుల కథ. మేం కొన్న పుస్తకాలు ఎక్కువగా 150 నుంచి 200 రూపాయల మధ్యే ఉన్నాయి. ఐదుగురు తల్లిదండ్రులు తలా ఒకటి కొని, చదివి, సంతకం పెట్టి ఇస్తే ఆ అర తయారవుతుంది. పిల్లవాడు దెయ్యం కథ పట్టుకుంటే, 'చదువు పక్కన పెట్టి ఇదేమిటి?' అనకండి. వాడు చేస్తున్నది చదువే.

టీ అంగడిలో ప్రశ్న అడిగిన ఆ తండ్రి సంగతి చెప్పి ముగిస్తాం. ఆయన చదివింది తమిళ మాధ్యమంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు లిపి రాదు. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక కొడుకు పైకి చదువుతుంటే ఆయన వింటున్నారు. మొన్న రోడ్డు మీద ఆటో ఆపి మరీ అడిగారు: 'ఆ బంగళా పుస్తకం రెండో భాగం వచ్చిందా సార్? మావాడు రేపు మాపు అంటున్నాడు.'

రాలేదు. రచయితకు ఉత్తరం రాశాం.