జ్వరము వెనుక కావలివారు

గత వర్షాకాలములో జ్వరముతో ఉన్న ఒక బిడ్డను చూచుటకు మేము ఒక ఇంటికి వెళ్ళాము. "అయ్యగారూ, రెండు రోజులనుండి ఒళ్ళు కాలిపోతూ ఉంది. గట్టి సూదిమందు ఒకటి వేయించమంటారా?" అని తల్లి అడిగింది. ఇది అనేక ఇండ్లలో వినబడే ప్రశ్నే. గనుక వైరస్ జ్వరము వచ్చినప్పుడు మన దేహములో ఏమి జరుగుతుందో కొంచెము తెలిసికొందాము.

వైరస్ తనంతట తాను పెరగలేదు. మన కణములో దూరి, అక్కడి పనిముట్లతోనే తన వంటివాటిని తయారు చేయించుకొంటుంది. ఫ్లూ, డెంగీ, కోవిడ్ వైరస్‌లు తమ సమాచారమును ఆర్.ఎన్.ఏ. అను పదార్థములో మోసికొని వస్తాయి. మన కణములలోను ఆర్.ఎన్.ఏ. ఉన్నది. మరి పరాయిది ఏదో కణమునకు ఎట్లు తెలుస్తుంది? మన ఆర్.ఎన్.ఏ. మొదటి కొనకు సాధారణముగా టోపీ వంటి గుర్తు ఉంటుంది. వైరస్ పెరిగేటప్పుడు ఆ టోపీ లేని ఆర్.ఎన్.ఏ., లేదా రెండు పేటల త్రాడు వంటి పొడవైన ఆర్.ఎన్.ఏ. తయారవుతుంది. రిగ్-ఐ, ఎం.డి.ఎ.-5 అను కావలి ప్రోటీన్లు ఈ తేడాను పసిగడతాయి. రిగ్-ఐ చేసే ఈ పనిని జపాను శాస్త్రజ్ఞులు 2004లో వెల్లడించారు.

పసిగట్టిన కణము ఊరకుండదు. ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడిచి ఇరుగుపొరుగు కణములను హెచ్చరిస్తుంది. దొంగలు పడ్డారను కేక విని పొరుగువారు తలుపులు బిగించుకొన్నట్లు, ఆ కణములు వైరస్ ఆర్.ఎన్.ఏ.ను ముక్కలు చేయుటకు సిద్ధపడతాయి. ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండనులో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనువారు కోడిగ్రుడ్డు పొరలతో పరిశోధించి కనుగొన్నారు. ఈ కేక ఎంత అవసరమో 2020లో మరల తేలింది. ప్రాణాపాయ స్థితికి చేరిన కోవిడ్ రోగులను పరీక్షించగా, నూటికి సుమారు 10 మందిలో వారి దేహమే ఇంటర్‌ఫెరాన్‌ను అడ్డుకొంటున్నట్లు కనబడింది.

ఒళ్ళునొప్పులు, చలి, జ్వరము చాలవరకు ఈ పోరాటపు గుర్తులే. యాంటిబయాటిక్ సూది బాక్టీరియాను చంపుతుంది గాని వైరస్‌ను చంపదు. డెంగీ అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వాడితే రక్తస్రావము కలుగవచ్చును. వైద్యులు చెప్పిన మోతాదులో పారాసిటమాల్, మంచినీళ్ళు, గంజి, ఓ.ఆర్.ఎస్. ఇవ్వవలెను. జ్వరము తగ్గిందని నిశ్చింతగా ఉండరాదు. కొందరికి డెంగీ అప్పుడే ముదురుతుంది. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళనుండి రక్తము, మగత కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసికొని వెళ్ళవలెను.

ఆ తల్లితో, "సూది సంగతి తరువాత, ముందు రక్తపరీక్ష చేయించమ్మా" అన్నాము. డెంగీ అని తేలింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి బిడ్డ క్షేమముగా ఇల్లు చేరింది.