ట్రిగ్గర్ పాయింట్ నొప్పికి విద్యుత్ ప్రేరణ చికిత్స: దిగువ కృష్ణా డెల్టా శ్రామికుల నేపథ్యం

1. ప్రవేశిక:
పెడనలో కలంకారీ అద్దకం పనివారు అచ్చును వస్త్రంపై నిలిపి చేతితో కొడుతూ పనిచేస్తారు. మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పనివారు మెడ వంచి సన్నని అతుకులు వేస్తారు. గుడివాడ పరిసరాల్లోనూ దివిసీమలోనూ వరినాట్లు వేసే స్త్రీలు గంటల తరబడి నడుము వంచే ఉంటారు. 'మెడ పట్టేసింది', 'నడుము పట్టేసింది' అనే మాటల వెనుక ట్రిగ్గర్ పాయింట్లు ఉండవచ్చు. విద్యుత్ ప్రేరణ ఈ నొప్పికి ఎంతవరకు ఉపకరిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ట్రిగ్గర్ పాయింట్ స్వరూపం:
బిగుసుకున్న కండర పోగులో, నొక్కితే నొప్పి పుట్టే చిన్న ముడివంటి చోటే ట్రిగ్గర్ పాయింట్. దాని నొప్పి దూరానికీ పాకుతుంది. మెడకూ భుజానికీ మధ్యనున్న ట్రపీజియస్ కండరంలో ముడి ఉంటే కణత నొప్పి పెట్టవచ్చు. జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ 1983లో ప్రచురించిన గ్రంథం ఈ భావనకు ప్రాచుర్యం తెచ్చింది. నాడి కండరాన్ని కలిసే చోట ఎసిటైల్‌కోలిన్ అధికంగా విడుదల కావడం వల్ల పోగులు సడలవని సైమన్స్ ప్రతిపాదించారు. ఈ వివరణపై చర్చ నేటికీ ముగియలేదు.

3. చికిత్స పనిచేసే తీరు:
1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ద్వార నియంత్రణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. స్పర్శను మోసే లావు నాడీతంతువులు ఉత్తేజితమైతే వెన్నుపాములో నొప్పి సంకేతాలకు అడ్డుకట్ట పడుతుందని దాని సారాంశం. చర్మంపై ఎలక్ట్రోడులు అంటించే 'టెన్స్' పరికరానికి ఇదే ఆధారం. సుమారు 80–120 హెర్ట్జ్ వద్ద కండరం కదలకుండా జిలజిల మాత్రమే తెలుస్తుంది. 2–4 హెర్ట్జ్ వద్ద తీవ్రత పెంచితే కండరం అదురుతుంది. అప్పుడు శరీరంలోని సహజ నొప్పినివారకాలు విడుదలవుతాయని భావిస్తారు.

4. పరిమితులు, జాగ్రత్తలు:
ఈ ఉపశమనం తాత్కాలికం. నొప్పి తగ్గడమే నయం కావడమనుకొని మర్నాడు అదే భంగిమలో పనికి దిగితే ముడి మళ్లీ బిగుస్తుంది. పేస్‌మేకర్ ఉన్నవారికి వైద్యుని అనుమతి లేకుండా ఈ చికిత్స చేయరాదు. గొంతు ముందుభాగంపై, గర్భిణుల పొత్తికడుపుపై, గాయాలపై ఎలక్ట్రోడులు పెట్టరాదు. మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన చర్మం కాలినా రోగికి తెలియకపోవచ్చు. ఎడమ భుజం నొప్పితో ఛాతీ బరువు, చెమటలు ఉంటే గుండె పరీక్షే ముందు జరగాలి.

5. ముగింపు:
విద్యుత్ ప్రేరణ కొంత వ్యవధి మాత్రమే ఇస్తుంది. ఆ వ్యవధిలో కండరాన్ని సాగదీయడం, బలపరచడం, అద్దకపు బల్ల ఎత్తు సరిచేయడం, నాట్ల మధ్య నిటారుగా నిలిచే విరామాలు కల్పించడం జరగాలి. రోజుకూలిపై బతికేవారికి విరామమంటే ఆదాయ నష్టం. కనుక దాన్ని రోగి క్రమశిక్షణకే వదలక, పని ఏర్పాటులో భాగం చేయాలి.