కెమెరా పెట్టారు సరే, వైఫై పాస్‌వర్డ్ ఇంకా ఫోన్ నంబరేనా?

కరీంనగర్‌లో ఇప్పుడు ఏ గల్లీకి వెళ్లినా గేటు మీద ఓ వైఫై కెమెరా కనిపిస్తోంది. కొడుకు దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో, ఇంట్లో అమ్మానాన్నలు మాత్రమే. వాళ్లను ఫోన్‌లో చూసుకోవడం బాగానే ఉంది. కానీ అదే వీడియో ఇంకొకరికి కనిపించకూడదంటే సెటప్ రౌటర్ నుంచే మొదలవ్వాలి.

ఈ మధ్య జగిత్యాలలో మా పెద్దనాన్న ఇంట్లో కెమెరా పెడుతూ వైఫై పాస్‌వర్డ్ అడిగాను. "నా ఫోన్ నంబరే రా, యాదికుంటదని పెట్టిన" అన్నాడు. నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఇదే కథ. లెక్క చూడండి: మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలయ్యే 10 అంకెలు. అంటే మొత్తం 400 కోట్ల అవకాశాలు. పెద్దగానే అనిపిస్తుంది కదా? కానీ డబ్ల్యూపీఏ2లో ఫోన్ రౌటర్‌కు కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే హ్యాండ్‌షేక్‌ను రోడ్డు మీద నుంచే రికార్డ్ చేయొచ్చు. ఆ తర్వాత రౌటర్‌తో పనే లేదు. సెకనుకు లక్షల పాస్‌వర్డ్‌లు ట్రై చేసే గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుకు ఇది గంటల పని. ఆ నంబర్ షాపు బోర్డు మీద కూడా ఉంటే అదీ అక్కర్లేదు!

అందుకే సంబంధం లేని నాలుగైదు పదాలు కలపండి. గొంగడి, లిఫ్టు, సకినాలు, రైలు... ఇలాంటివి ఇంగ్లిష్ అక్షరాల్లో. 63 అక్షరాల దాకా పెట్టుకోవచ్చు. సెక్యూరిటీ మోడ్ డబ్ల్యూపీఏ3 ఉంటే మంచిదే, కానీ చవక కెమెరాలు చాలావరకు దానికి కనెక్ట్ కావు. వాటికి డబ్ల్యూపీఏ2-ఏఈఎస్ చాలు. డబ్ల్యూపీఎస్ మాత్రం ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా చెక్ చేస్తుందని, 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఉంటే కెమెరాను అందులోనే పెట్టండి, మీ ల్యాప్‌టాప్ వైపు అది చూడలేదు.

ఇక కెమెరా సంగతి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కేవలం 60కి పైగా డిఫాల్ట్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలతో లక్షల డివైజ్‌లను పట్టేసింది. ఆ అక్టోబర్‌లో డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కొన్ని గంటలు తడబడ్డాయి. వాటిలో ఇంటి కెమెరాలు చాలానే ఉన్నాయి. కాబట్టి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆపండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి.

నన్ను ఎక్కువ భయపెట్టేది మాత్రం వేరే. ఈ కెమెరాల వీడియో ఎక్కువగా కంపెనీ క్లౌడ్ అకౌంట్ ద్వారానే మన ఫోన్‌కు వస్తుంది. కొన్నిచోట్ల బిగించడానికి వచ్చినతను తొందరలో తన మెయిల్‌తోనే ఆ అకౌంట్ తెరిచేసి, పాస్‌వర్డ్ మీకిచ్చి వెళ్లిపోతాడు. అప్పుడు రౌటర్‌కు ఎంత తాళం వేసినా హాల్లో మీ అమ్మ ఏం చేస్తోందో అతని ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ముందు అతని అకౌంట్ నుంచి కెమెరాను తీసేయించండి, తర్వాత రీసెట్ కొట్టి మీ మెయిల్‌తో మళ్లీ జత చేసి, టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఇంట్లో మిగతావాళ్లకు పాస్‌వర్డ్ చెప్పకుండా యాప్‌లోని షేర్ ఆప్షన్‌తో ఇవ్వండి. ఆ షేర్ లిస్టులో ఎవరెవరున్నారో ఈరోజే ఒకసారి చూడండి.